న్యూటన్ వలయాలతో సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కొలవడం: దీపం వెలిగించడం నుంచి లెక్క తేల్చేదాకా

మా డిగ్రీ రోజుల్లో ఫిజిక్స్ ల్యాబులో ఒక అంకె అందరికీ నోటికొచ్చు: 5893. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం, ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు. ప్రయోగం మొదలుపెట్టకముందే జవాబు తెలుసు కాబట్టి అందరి రికార్డుల్లోనూ ఆ చుట్టుపక్కలే ఏదో ఒకటి పడేది. నాకు మొదటిసారి 6190 వచ్చింది. కంగారుపడి పక్క బ్యాచ్ నోట్సు చూసి, రెండు మూడు వలయాల రీడింగులు అటూ ఇటూ జరిపి 5870కి తెచ్చాను. లెక్చరర్ గారు కాగితం చూశారు. వలయాల గురించి ఏమీ అడగలేదు. "స్ఫెరోమీటర్ రీడింగ్ ఎన్నిసార్లు తీశావ్?" అన్నారు. స్ఫెరోమీటర్ అంటే కటకం ఉబ్బు కొలిచే మూడు కాళ్ల పరికరం. ఒక్కసారే తీశాను. తప్పంతా అక్కడుంటే నేను వలయాలను దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఈ ప్రయోగం చేసే కొత్త పిల్లలు నూటికి తొంభై మంది వలయాల దగ్గరే టెన్షన్ పడతారు. వలయాలు నిజానికి మంచివే. ఓపిగ్గా చూస్తే మోసం చెయ్యవు. ఏది ఎక్కడ చెడుతుందో చెబుతూ మొత్తం పని మొదటి నుంచి రాస్తున్నాను.

లోపల జరిగేది ఏమిటి

ఒకవైపు చదునుగా, ఇంకోవైపు కొంచెం ఉబ్బుగా ఉండే కటకాన్ని, ఉబ్బు కిందికి వచ్చేలా చదునైన గాజు పలక మీద పెట్టామనుకోండి. మధ్యలో ఒక్క బిందువు దగ్గరే రెండూ తాకుతాయి. అక్కడి నుంచి బయటికి పోయేకొద్దీ వాటి మధ్య గాలి పొర మందం పెరుగుతుంది. పై నుంచి పడ్డ కాంతిలో కొంత కటకం అడుగు ముఖం నుంచి, కొంత పలక పై ముఖం నుంచి వెనక్కి వస్తుంది. రెండోది గాలి పొరను కిందికీ పైకీ రెండుసార్లు దాటింది కాబట్టి అంత దూరం వెనకబడుతుంది. పైకి వచ్చాక ఈ రెండూ కలుస్తాయి. ఒకదాని శిఖరం మీద ఇంకోదాని శిఖరం పడితే వెలుగు, శిఖరం మీద లోయ పడితే చీకటి. దీన్నే వ్యతికరణం అంటాం. ఒకే మందం ఉన్న చోట్లన్నీ ఒక వృత్తం మీద ఉంటాయి కనుక మనకు కనిపించేవి వలయాలు.

మరి సరిగ్గా మధ్యలో, గాలి పొర మందం సున్నా అయిన చోట, వెలుగు ఉండాలి కదా? అక్కడ నల్ల చుక్క ఉంటుంది. వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. గాలిలోంచి వచ్చి గాజును తాకి వెనక్కి మళ్లిన కాంతి అర తరంగం మేర తలకిందులవుతుంది. గాజులోంచి వచ్చి గాలి అంచున వెనక్కి మళ్లినది అలా తలకిందులు కాదు. అందుకే దూరంలో తేడా లేకపోయినా రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ దీన్ని తమాషాగా పరీక్షించాడు. క్రౌన్ గాజుకూ ఫ్లింట్ గాజుకూ మధ్య, ఆ రెండింటి వక్రీభవన గుణకాలకు (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెలకు) నడుమ గుణకం ఉన్న ససాఫ్రాస్ నూనె పోశాడు. అప్పుడు రెండు చోట్లా తలకిందులు అవుతుంది. మధ్య చుక్క వెలుగుగా మారింది.

గాలి పొర మందానికి రెట్టింపు తరంగదైర్ఘ్యానికి పూర్ణ గుణిజం అయిన చోటల్లా నల్ల వలయం పడుతుంది. దీనికి కటకం వంపు రేఖాగణితాన్ని జోడిస్తే వచ్చే ఫలితం:

వలయం వ్యాసపు వర్గం = 4 × వలయం సంఖ్య × కటకం వక్రతా వ్యాసార్థం × తరంగదైర్ఘ్యం

వక్రతా వ్యాసార్థం అంటే, కటకం ఉబ్బు ఏ గోళంలో ముక్కో ఆ గోళం వ్యాసార్థం. ఇక్కడ కాసేపు ఆగి అంకెలు చూడండి. 100 సెం.మీ. వక్రతా వ్యాసార్థం ఉన్న కటకంతో 20వ నల్ల వలయం వ్యాసం దాదాపు 7 మిల్లీమీటర్లు. దాని కింద గాలి పొర మందం పది తరంగదైర్ఘ్యాలు, అంటే 6 మైక్రాన్లకు కొంచెం తక్కువ. తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోవచ్చు. అంత సన్నని పొరను మనం స్కేలు గీతలతో కొలిచేంతగా పెద్దది చేసి చూపించేది ఆ కటకం వంపే. అందుకే ఆ వంపును ఎంత బాగా కొలిచాం అన్నదే చివరికి జవాబును నిలబెడుతుంది.

ఈ వలయాలను రాబర్ట్ హుక్ 1665లోనే వర్ణించాడు. వ్యాసాల వర్గాలు క్రమంగా పెరుగుతాయని కొలిచి చూపించింది న్యూటన్. ఆ కొలతలు 1704లో అచ్చయ్యాయి. కాంతి కణాలని వాదించిన మనిషి పేరు, కాంతి తరంగమని చూపించే ప్రయోగానికి స్థిరపడిపోయింది! దాదాపు వందేళ్ల తర్వాత యంగ్ అదే న్యూటన్ కొలతలు తీసుకుని రంగుల తరంగదైర్ఘ్యాలు లెక్కగట్టాడు.

బల్ల మీద ఏమేం ఉండాలి

సోడియం ల్యాంపు, దాని ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా. సమతల కుంభాకార కటకం, దాని కింద పెట్టే గాజు పలక. కాంతిని కిందికి మళ్లించడానికి 45 డిగ్రీలు వంచి పెట్టే ఇంకో పల్చటి గాజు పలక. ట్రావెలింగ్ మైక్రోస్కోప్ (స్కేలు వెంట జరుపుతూ దూరాలు కొలిచేది), చదివే లెన్సు, స్ఫెరోమీటర్. ఇవి కాక స్పిరిట్, మెత్తటి గుడ్డ. కటకం ఎంత తక్కువ ఉబ్బుగా ఉంటే వలయాలు అంత పెద్దవి, కొలవడం అంత తేలిక. 100 సెం.మీ. చుట్టుపక్కల వక్రతా వ్యాసార్థం ఉన్నది దొరికితే మంచిది.

మొదటి పని: దీపం వెలిగించి వదిలెయ్యడం

ల్యాబులోకి రాగానే సోడియం ల్యాంపు వేసెయ్యండి. మొదట గులాబి ఎరుపులో వెలుగుతుంది. అది లోపలి నియాన్ వాయువు కాంతి. సోడియం వేడెక్కి ఆవిరై పూర్తి పసుపు రావడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఎరుపు ఛాయ ఉండగానే వలయాలు వెతికితే మసకగా, కలగాపులగంగా కనిపిస్తాయి. ఒకసారి వెలిగించాక ప్రయోగం అయ్యేదాకా ఆర్పొద్దు. కరెంటు పోతే మళ్లీ ఆ నిరీక్షణ తప్పదు. అందుకే మధ్యలో ఎవరో వచ్చి స్విచ్ నొక్కకుండా కూడా చూసుకోండి.

రెండో పని: తుడవడం, అమర్చడం

కటకాన్నీ పలకనూ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోవాలి. వేలి ముద్ర పడిందా, మళ్లీ తుడవాల్సిందే. పలక కింద నల్ల కాగితం పెడితే కింది నుంచి వచ్చే అనవసరపు వెలుగు తగ్గి వలయాలు తేటగా కనిపిస్తాయి.

ఉబ్బు వైపు ఏదో కంటితో తేలదు. చదునైన బల్ల మీద గుడ్డ పరిచి కటకాన్ని పెట్టి అంచును మెల్లగా నొక్కండి. ఊగితే ఉబ్బు కింద ఉన్నట్టు. పలక మీద కూడా అలాగే పెట్టాలి. తిరగేసి పెట్టి అరగంట వలయాల కోసం వెతికిన బ్యాచ్‌లను నేను చూశాను.

ఇప్పుడు మైక్రోస్కోప్ జోలికి పోకుండా ట్యూబ్‌లైట్ వెలుగులోనే కటకాన్ని పై నుంచి ఏటవాలుగా చూడండి. ఆవగింజంత చుక్క, దాని చుట్టూ సన్నని రంగు వలయాలు కనిపిస్తాయి. అవే మీ వలయాలు. ఆ చుక్క కటకం మధ్యలో లేకుండా ఓ మూలన ఉంటే ఎక్కడో దుమ్ము రేణువు ఇరుక్కుంది, మళ్లీ తుడవండి. ఈ ఒక్క నిమిషం పని తర్వాత చాలా వెతుకులాట తప్పిస్తుంది.

తర్వాత దీపం ముందు అమరిక పెట్టి, వంచిన గాజు పలకను తిప్పుతూ పై నుంచి కంటితోనే చూడండి. ఒక కోణం దగ్గర కటకం మొత్తం పసుపుగా వెలుగుతుంది. అదే 45 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు.

మూడో పని: మైక్రోస్కోప్‌లో పట్టుకోవడం

ముందు కన్ను పెట్టే కటకాన్ని లోపలికీ బయటికీ జరిపి అడ్డు తీగలు నల్లగా, పదునుగా కనిపించేలా చేసుకోండి. తర్వాత గొట్టాన్ని ఆ ఆవగింజ చుక్కకు సరిగ్గా పైన నిలబెట్టండి. పక్క నుంచి చూస్తూ గొట్టాన్ని వంచిన పలకకు దగ్గరగా, తగలకుండా దించండి. ఆ తర్వాత లోపలికి చూస్తూ మెల్లగా పైకి లేపండి. చూస్తూ కిందికి దించితే ఏదో ఒక గాజు పగులుతుంది. పైకి లేపుతుంటే ఒక చోట వలయాలు వచ్చేస్తాయి.

తల కొంచెం అటూ ఇటూ జరిపినా అడ్డు తీగలు వలయాల మీద జారకుండా ఉండాలి. జారుతుంటే ఫోకస్ ఇంకా కుదరలేదని అర్థం. ఒక తీగ మైక్రోస్కోప్ కదిలే దిశలో ఉండాలి. రెండో తీగ వలయాలకు స్పర్శరేఖలా తగలాలి.

మధ్య చుక్క నల్లగా కాక వెలుగుగా ఉందా? సన్నని దుమ్ము పొర వల్ల అలా అవుతుంది. తుడిచి చూడండి. అయినా పోకపోతే కంగారుపడకండి. రెండు వలయాల వర్గాల తేడా తీసేటప్పుడు ఆ దుమ్ము మందం దానంతట అదే కొట్టుకుపోతుంది. మనం ఒకే వలయంతో లెక్క తేల్చకుండా తేడా తీయడానికి అసలు కారణమే ఇది.

నాలుగో పని: రీడింగులు

చాలా ల్యాబుల్లోని ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌లో ప్రధాన స్కేలు ఒక విభాగం 0.05 సెం.మీ., వెర్నియర్ (దాని పక్కన జరిగే చిన్న స్కేలు) మీద 50 విభాగాలు. కనీసపు కొలత 0.05 ÷ 50 = 0.001 సెం.మీ. మీ పరికరంలో గీతలు ఒకసారి లెక్కపెట్టుకోండి, అన్నీ ఒకేలా ఉండవు.

మధ్య చుక్క నుంచి ఎడమవైపు నల్ల వలయాలు లెక్కపెడుతూ 20 దాటి 23 దాకా పోండి. ఇప్పుడు వెనక్కి తిప్పుతూ 20వ వలయం మీద తీగ తగిలినప్పుడు మొదటి రీడింగ్. ఆ 3 వలయాలు ఎక్కువ పోయింది ఊరికే కాదు. స్క్రూకూ దాని నట్టుకూ మధ్య ఎప్పుడూ కొంచెం వదులు ఉంటుంది. దిశ మార్చినప్పుడు స్క్రూ కాస్త తిరిగాక గానీ గొట్టం కదలదు. ఆ వదులంతా 23 నుంచి 20కి వచ్చేలోపు తీరిపోతుంది. ఇక్కడి నుంచి చివరి రీడింగ్ దాకా ఒకే దిశలో తిప్పాలి. ఒక వలయం దాటిపోయిందని వెనక్కి తిప్పారా, అక్కడి నుంచి రీడింగులు నమ్మడానికి లేదు. మళ్లీ 23 నుంచి మొదలుపెట్టండి.

20, 16, 12, 8, 4 దగ్గర రాసుకుంటూ మధ్య చుక్క దాటి, కుడివైపు 4, 8, 12, 16, 20 దగ్గర రాయండి. మొదటి రెండు మూడు వలయాలు లావుగా ఉంటాయి, వాటి మధ్య ఎక్కడో తేల్చడం కష్టం. పైగా కటకం బరువుకు ఆ చోటు కొంచెం నొక్కుకుని కూడా ఉంటుంది. వాటిని వదిలెయ్యండి. వలయం లోపలి అంచు మీదో బయటి అంచు మీదో కాక, నల్ల పట్టీ మధ్యలో తీగ పెట్టండి.

నమూనాగా ఒక వరుస, సెంటీమీటర్లలో:

20వ వలయం: ఎడమ 5.394, కుడి 4.707, వ్యాసం 0.687, వర్గం 0.4720
16వ వలయం: ఎడమ 5.358, కుడి 4.743, వ్యాసం 0.615, వర్గం 0.3782
12వ వలయం: ఎడమ 5.317, కుడి 4.784, వ్యాసం 0.533, వర్గం 0.2841
8వ వలయం: ఎడమ 5.268, కుడి 4.832, వ్యాసం 0.436, వర్గం 0.1901
4వ వలయం: ఎడమ 5.205, కుడి 4.896, వ్యాసం 0.309, వర్గం 0.0955

16వ వలయం ఎడమ రీడింగ్ ఎలా వచ్చిందో చూడండి. వెర్నియర్ సున్నా గీత 5.35 దాటింది. వెర్నియర్ మీద 8వ గీత ప్రధాన స్కేలు గీతతో సరిగ్గా కలిసింది. 5.35 + 8 × 0.001 = 5.358.

బల్ల దగ్గరుండగానే వర్గాలు వేసేయండి. పక్కపక్క వర్గాల తేడాలు దాదాపు సమానంగా ఉండాలి. ఇక్కడ అవి 0.094 చుట్టూ ఉన్నాయి. ఒకచోట హఠాత్తుగా మారితే ఒకవైపు వలయం లెక్క తప్పారన్నమాట. ఇంటికెళ్లాక తెలిస్తే ఏం లాభం?

ఐదో పని: స్ఫెరోమీటర్, ఓపిక

మూడు కాళ్లను కాగితం మీద నొక్కితే మూడు చుక్కలు పడతాయి. వాటి మధ్య దూరాలు మూడూ కొలిచి సగటు తీయండి. మన నమూనాలో 4.00 సెం.మీ. తర్వాత చదును గాజు మీద పెట్టి మధ్య కాలు సరిగ్గా తాకినప్పటి రీడింగ్, కటకం ఉబ్బు మీద పెట్టి అదే రీడింగ్. రెండింటి తేడా కటకం ఉబ్బు ఎత్తు. తాకిందో లేదో తెలియాలంటే, మధ్య కాలి మొనా గాజులో దాని ప్రతిబింబమూ కలిసే క్షణం చూడండి. ఇంకొంచెం తిప్పితే పరికరం ఆ కాలి మీద గిర్రున తిరగడం మొదలుపెడుతుంది, అంటే దాటిపోయారు.

వక్రతా వ్యాసార్థం = (కాళ్ల దూరం వర్గం ÷ 6 × ఎత్తు) + (ఎత్తు ÷ 2). మొదటి భాగంలో భాగహారం 6నూ ఎత్తునూ గుణించగా వచ్చిన దానితో.

ఇక్కడే నా 6190 పుట్టింది. స్ఫెరోమీటర్ కనీసపు కొలత 0.001 సెం.మీ. మనం కొలిచే ఎత్తు 0.027 సెం.మీ. మాత్రమే. అంటే ఒక్క గీత తేడా వస్తే నూటికి దాదాపు 4 వంతుల తప్పు. ఎత్తు 0.026 అనుకుంటే వ్యాసార్థం 102.6 సెం.మీ., 0.027 అనుకుంటే 98.8 సెం.మీ. పై వలయాల కొలతలకే ఒకదానితో 573 నానోమీటర్లు, ఇంకోదానితో 595 నానోమీటర్లు వస్తాయి! వలయాల వైపు చూస్తే, 20వ వలయం వ్యాసంలో ఒక గీత తప్పినా ఫలితంలో నూటికి ఒక వంతు కూడా మారదు.

కాబట్టి ఎత్తును కటకం మీద చోటు మార్చి మార్చి కనీసం ఐదుసార్లు తీయండి. గీతల మధ్య సగాన్ని కూడా కంటితో అంచనా వేయండి. 0.0265, 0.0270, 0.0265, 0.0270, 0.0265 వచ్చాయనుకుందాం. సగటు 0.0267. వ్యాసార్థం 16 ÷ 0.1602 + 0.013 = 99.9 సెం.మీ.

లెక్క

20కీ 12కీ, 16కీ 8కీ, 12కీ 4కీ జతలు కట్టండి. ప్రతి జతలో వలయాల తేడా 8. వర్గాల తేడాలు 0.1879, 0.1881, 0.1886. సగటు 0.1882.

తరంగదైర్ఘ్యం = వర్గాల తేడా ÷ (4 × వక్రతా వ్యాసార్థం × వలయాల తేడా)
= 0.1882 ÷ (4 × 99.9 × 8)
= 0.00005887 సెం.మీ.

అంటే 588.7 నానోమీటర్లు, రికార్డు భాషలో 5887 ఆంగ్‌స్ట్రామ్‌లు.

గ్రాఫ్ కూడా గీయమంటాను. అడ్డంగా వలయం సంఖ్య, నిలువుగా వ్యాసపు వర్గం. ఐదు బిందువులూ ఒక సరళరేఖ మీద పడాలి. దాని వాలును 4 × వక్రతా వ్యాసార్థంతో భాగిస్తే తరంగదైర్ఘ్యమే. మన అంకెలకు వాలు 0.02353, జవాబు 589 దగ్గరే. రేఖ సరిగ్గా సున్నా గుండా పోకపోయినా ఫర్వాలేదు. దుమ్ము ఉంటే కొంచెం కిందికి, కటకం నొక్కుకుంటే కొంచెం పైకి తప్పుతుంది. వాలు మారదు.

ఫలితాన్ని 588.7 అని దశాంశంతో రాసి ఊరుకోవద్దు. ఎత్తు సగటులో 0.0003 సెం.మీ. మేర అనుమానం ఉందనుకున్నా నూటికి ఒకటికి పైగా తప్పుకు అవకాశం ఉంది. వలయాల వంతు కూడా కలిపితే 589 నానోమీటర్లు, 8 అటూ ఇటూ అని రాయడం నిజాయితీ. అప్పుడు 595 వచ్చిన పక్క బల్ల వాళ్లూ తప్పు చేసినట్టు కాదని తెలుస్తుంది.

సోడియం పసుపు నిజానికి ఒకే తరంగదైర్ఘ్యం కాదు. 589.0, 589.6 నానోమీటర్ల వద్ద రెండు గీతలు, 589.3 వాటి సగటు. మరి ఒకదాని వలయాలు ఇంకోదాన్ని చెరిపెయ్యవా అని వైవాలో అడగొచ్చు. ఒకదాని వెలుగు మీద ఇంకోదాని చీకటి పూర్తిగా పడాలంటే దాదాపు 490 వలయాల దూరం పోవాలి. మనం 20 దగ్గరే ఆగిపోతున్నాం.

సమయం మిగిలితే కటకాన్ని ఎత్తి పలక మీద ఒక నీటి చుక్క వేసి మళ్లీ పెట్టండి. వలయాలు దగ్గరికి ముడుచుకుంటాయి. అవే రెండు వలయాలకు గాలిలో వచ్చిన వర్గాల తేడాను నీటిలో వచ్చిన తేడాతో భాగిస్తే నీటి వక్రీభవన గుణకం, 1.33 దగ్గర వస్తుంది. ఈ లెక్కలో వక్రతా వ్యాసార్థం పైనా కిందా కొట్టుకుపోతుంది కాబట్టి స్ఫెరోమీటర్‌తో పనే లేదు.